బియ్యముపై వ్రాసిన పేరు

పలాసనుండి సముద్రపుదెసకు పోవు త్రోవలో, వజ్రపుకొత్తూరు ఇంకను రాకముందే, జీడితోటలును కొబ్బరితోటలును భుజములు రాచికొనుచు నిలిచిన యొక పల్లెలో, రెండేండ్ల క్రిందట నేనొక నామకరణమునకు పోయితిని. వసారాలో చాప పరచి, ఇత్తడి పళ్లెరమున బియ్యము పోసి, వ్రేలి యుంగరము తీసి చేతపట్టుకొని, ఆ బియ్యముపై పేరు వ్రాయుటకు తండ్రి సిద్ధముగా కూర్చుండెను. శిశువు శ్రవణానక్షత్రము రెండవ పాదమున పుట్టినాడు గనుక పేరు 'జే' యను అక్షరముతో మొదలు కావలెనని పురోహితుడు పంచాంగము చూచి ముందే చెప్పియుండెను. ఆ అక్షరముతో మన యూళ్లలో దొరకు పేర్లు మిక్కిలి తక్కువ. ఇంటిల్లిపాదియు పది దినములు వెదకి విసిగిన పిదప, ఎవ్వరును ఎదురుచూడని పేరొకటి తండ్రి నోటనే వెలువడెను: జేవియర్.

ఆతడు సరకుల ఓడలో ఫిట్టరు. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుఫాను ఈ తీరమున విరుచుకుపడి, తాతలనాటి కొబ్బరిచెట్లను వ్రేళ్లతో పెకలించి పోయిన తరువాత, కొత్తమొక్క కాపునకు వచ్చుటకు పట్టు ఏండ్లను తన వయస్సుతో కూడి చూచుకొని, తోటను తల్లికి విడిచి ఓడ ఎక్కినవాడు. ఓడలో ఆతనితో ఒకే గదిలో నుండిన ఫిలిప్పీను దేశీయుడొకడు, ఆతడు జ్వరముతో పడియున్న వారము దినములును గంజి కాచి త్రావించెనట. ఆ నావికుడు తన్ను తాను 'హవియేర్' అని చెప్పుకొనువాడు. కాని ఆతని చొక్కాపై కుట్టియున్న అక్షరములను మనవాడు ఇంగ్లీషు రీతిని చదివి జేవియర్ అని పిలిచెను. అట్లు తప్పుగా చదువకపోయినచో శ్రవణము రెండవ పాదమునకు ఈ పేరు కుదిరెడిదే కాదు.

శిశువు మేనమామ మొగము చిట్లించి, "ఆ పేరు మనోలది కాదు గదా బావా" అనెను. నాయనమ్మ, "మనోలదో పరాయోలదో గానీ నా నోటికి తిరగదు" అనెను. పురోహితుడు అక్షరము సరిపడినది గనుక తనకే అభ్యంతరమును లేదన్నట్లు గంధపుగిన్నె సర్దుకొనుచుండెను. అప్పుడు తండ్రి నా వంక తిరిగి, "మేష్టారూ, ఇంతకీ ఆ పేరుకి అర్దమేటండీ?" అని యడిగెను. నేనప్పుడు చెప్పినది రెండు మాటలు. చెప్పనిది ఇదంతయు.

జేవియర్ స్పెయిను దేశపు మగపిల్లల పేరని లోకమెరుగును. కాని పుట్టుకచే అది స్పానిషు మాటయు కాదు, మనిషి పేరును కాదు. స్పెయినునకు ఉత్తరమున, పిరెనీసు పర్వతముల నానుకొనిన ప్రాంతమున, చుట్టునున్న ఏ భాషతోను చుట్టరికము లేని బాస్కు భాష యొకటి నేటికిని జీవించియున్నది. ఆ భాషలో 'ఎచె' యనగా ఇల్లు, 'బెర్రి' యనగా కొత్తది. విశేషణము మనవలె ముందు రాక వెనుక వచ్చును. ఎచెబెర్రి, అనగా కొత్తయిల్లు. నవార్రా రాజ్యములోని ఒక చిన్నకోటకు ఆ పేరు వచ్చి, జనుల నోళ్లలో నలిగి నలిగి, 'షవియేర్' అని నిలిచినది. తరువాతి శతాబ్దములలో స్పానిషు ఉచ్చారణము మారి ఆ షకారము గొంతులోనికి దిగి హకారప్రాయమైనది. అదే మూలమునుండి వచ్చిన ఎచెవెర్రియా అను ఇంటిపేరు గలవారు నేడు దక్షిణ అమెరికా అంతటను కలరు. మన వజ్రపుకొత్తూరువారు తమ యూరి పేరులోని 'కొత్తూరు'ను ఎట్లు వినరో, వారును తమ పేరులోని కొత్తయింటిని అట్లే వినరు.

1506 ఏప్రిల్ 7వ తేదీన ఆ కోటలో ఫ్రాన్సిస్కో అను శిశువు జన్మించెను. తండ్రి వంశనామము వేరు. కోట తల్లివైపున సంక్రమించినది. 1512లో కాస్టీలు సేనలు నవార్రాను ఆక్రమించెను. ఆ కుటుంబము ఓడినవారి పక్షమున నిలిచియుండుటచే, 1516లో కోటబురుజులను కూల్చి, అగడ్తను పూడ్పించిరి. కొత్తయింటిని పడగొట్టుచుండగా పదేండ్ల బాలుడు చూచినాడన్నమాట. ఆతడు 1525లో పారిస్ నగరమునకు చదువబోయి, అచ్చట లొయోలా ఇగ్నేషియస్ సహవాసమున సన్న్యాసదీక్ష గైకొని, 1541లో సరిగా తన ముప్పదియైదవ జన్మదినమున లిస్బనులో ఓడ ఎక్కి, మరుసటియేడు మే 6న గోవాలో దిగెను. ముత్తెపుచిప్పలు తీయు పరవల పల్లెలలో చేత ఘంట మ్రోగించుచు వీథివెంబడి నడచి, పిల్లలను ప్రోగుచేసి, తనకు సరిగా రాని తమిళమున ప్రార్థనలు వల్లె వేయించెను. 1545లో మైలాపూరున కొన్ని మాసములుండెను. మలక్కాకు, దానికి ఆవలి దీవులకు, 1549లో జపానునకు పోయెను. 1552 డిసెంబరు 3న చీనా తీరము కనుచూపుమేరలో నుండగా, ఒక దీవిపై, గుడిసెలో మరణించెను. లిస్బను విడిచిన నాటినుండి ఆతడు తన పుట్టిల్లు తిరిగి చూచియెరుగడు.

1622లో రోమునగరమున పోపు ఆతనిని పునీతులలో చేర్చిన పిమ్మట జరిగిన విచిత్రమును గమనింపవలయును. అంతవరకు షవియేర్ ఒక స్థలము. ఫలానా చోటివాడని ఒక మనిషిని గుర్తించుటకు ఆనవాలు. పునీతుడైన తరువాత తల్లిదండ్రులు ఆ ఆనవాలునే విడదీసి తమ బిడ్డలకు సొంతపేరుగా పెట్టుట కారంభించిరి. ఇంటిపేరు ఒంటిపేరైనది. ఈ మార్పులోని చమత్కారము తెలుగువానికి తెలిసినంతగా మరియొకనికి తెలియదని నా యభిప్రాయము. ఏలయన వంశనామమును 'ఇంటిపేరు' అని పిలుచువారము మనము. మనిషి పేరునకు ముందు ఇల్లు నిలుచును. ఇల్లు దాటి వచ్చినగాని మనిషి కనబడడు. ఊరి పేర్లే ఇంటిపేర్లైన కుటుంబములు మనలో కొల్లలు. ఆ యూరెక్కడనో వారిలో పలువురకు తెలియదు. ఇక నా ఫిట్టరు జ్ఞాపకముంచుకొన్న ఆ పేరు, ఆ నావికునకు సొంతపేరో ఇంటిపేరో ఆతనికి నేటికిని తెలియదు. ఫిలిప్పీను దీవులను మూడు శతాబ్దములకు పైగా స్పెయిను ఏలినది. 1849లో క్లవెరియా అను గవర్నరు, ప్రజలకు నిలుకడగల వంశనామములు లేక పన్నుల లెక్కలు చిక్కుపడుచున్నవని, అక్షరక్రమమున పేర్ల పట్టిక యొకటి ముద్రింపించి ఊరూరికి పంపి, అందుండి ఏరుకొనుడని శాసించెను. కొన్ని యూళ్లకు పట్టికలో ఒక పుట మాత్రమే చేరినందున ఊరివారందరి ఇంటిపేర్లును ఒకే అక్షరముతో మొదలైనవి. అచ్చట గవర్నరు అక్షరమిచ్చెను, ఇచ్చట పంచాంగమిచ్చుచున్నది. భేదమెంతటిదో పాఠకులే తేల్చుకొందురుగాక.

పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు ఆ పేరును షకారముతోనే పలికిరి. తమిళనోట అది సవేరియారైనది. అచ్చటినుండి ఉత్తరమునకు వచ్చి, తెలుగు కతోలికుల యిండ్లలో శౌరి యైనది. శౌరయ్య, శౌరమ్మ యైనది. గుంటూరు సీమలో ఈ పేర్లు గలవారు నేటికిని పెక్కురు కలరు. మన టెక్కలి ప్రాంతమునకు మాత్రము ఈ పేరు అంతగా రాలేదు. ఇచ్చట మొదట నిలద్రొక్కుకొన్నది కెనడా బాప్టిస్టు మిషను. బాప్టిస్టులు బిడ్డలకు బైబిలులోని పేర్లను పెట్టుదురేగాని పునీతుల పేర్ల జోలికి అంతగా పోరు. అందుచేత ఆ నాయనమ్మగారి నోటికి ఆ పేరు తిరుగకపోవుటలో ఆమె దోషమేమియు లేదు.

అయితే శౌరి యెవరు? సంస్కృతము తెలిసినవానిని అడిగినచో క్షణమాలోచింపక విష్ణువనును. శూరుని వంశమున పుట్టినవాడు గనుక శౌరి. విష్ణుసహస్రనామమున ఆ నామము రెండుమారులు వచ్చును. తమిళదేశమున తిరుక్కణ్ణపురము పెరుమాళ్లు శౌరిరాజు. బాస్కు కొండలలో కొత్తయిల్లు అను మాట సముద్రముల మీదుగా దొర్లి దొర్లి, గులకరాయివలె నునుపెక్కి, మన యొడ్డున ఆగినచోట, అదే పరిమాణము, అదే నునుపు గల మరియొక రాయి ముందునుండియే పడియున్నది. నేడు శౌరి యని పిలిచినపుడు పలికినవానిని చూచి ఆ పిలుపు కోట పేరో కృష్ణుని పేరో చెవి చెప్పజాలదు. ధ్వని యొకటియే, వంశములు రెండు. అట్లైనచో పేరనగా ధ్వనియా, వంశమా, అర్థమా?

పతంజలి ఈ ప్రశ్నకు సూటిగా సమాధానమిచ్చెనని చెప్పజాలను గాని, మహాభాష్యమున శబ్దములు నాలుగు తెరగులనియు, జాతిని చెప్పునవి, గుణమును చెప్పునవి, క్రియను చెప్పునవి పోగా నాలుగవవి యదృచ్ఛాశబ్దములనియు వివరించెను. పిలుచువాని ఇచ్ఛయే తప్ప వేరు హేతువు లేని పేర్లవి. దానికి శాస్త్రకారులు తరతరములుగా ఇచ్చు ఉదాహరణము డిత్థుడు. డిత్థ యను మాటకు అర్థము వెదకబోవుట వ్యర్థము. అర్థము లేదు గనుకనే అది ఉదాహరణమైనది. పాపము ఆ డిత్థుడు, రెండువేల యేండ్లుగా మన పండితులందరికిని పరిచితుడయ్యు ఎవ్వరికిని చుట్టము కాడు.

ఆ గ్రంథారంభముననే వ్యాకరణాధ్యయనము ఎందులకని చెప్పుచు పతంజలి యాజ్ఞికుల నియమమొకటి ఎత్తిచూపును. పుత్రుని పేరు ఘోషాక్షరముతో మొదలు కావలెను. నడుమ అంతఃస్థము, అనగా య ర ల వ లలో నొకటి, ఉండవలెను. ఆద్యచ్చు వృద్ధి కారాదు. పేరు రెండక్షరములదో నాలుగక్షరములదో కావలెను. కృదంతము కావలెనేగాని తద్ధితాంతము కారాదు. మూడుతరముల పెద్దలను స్మరింపజేయవలెను. శత్రువులలో నెలకొన్న పేరు కారాదు. చాపమీద కూర్చుండియే నేనీ కొలతలను ఆ పేరునకు పెట్టి చూచితిని. జకారము ఘోషము, సరియే. నడుమ వకారయకారములు రెండును అంతఃస్థములు, సరియే. ఏకారము గుణమేగాని వృద్ధి కాదు, సరియే. జేవియర్ అన్నచో మూడక్షరములై చెడును గాని, తెలుగున చివర ఉకారము చేర్చి జేవియరు అన్నచో నాలుగగును! మరి శౌరియో? శకారము అఘోషము, ఔకారము వృద్ధి, మాట తద్ధితాంతము. సాక్షాత్తు విష్ణునామము మూడు పరీక్షలలో తప్పగా, నవార్రా కోట వానిలో నెగ్గినది. ఈ ఫలితమును పురోహితునకు చెప్పవలెనని నాలుక చివరకు వచ్చినది గాని, ఆయన ఆకలిమీద నుండుట గమనించి మానుకొంటిని.

హాస్యమున కంతతోనే తెర వేయవలయును. శత్రువులలో నెలకొన్న పేరు కారాదన్న నియమము హాస్యమున కందదు. ఆ ఫ్రాన్సిస్కో 1546లో పోర్చుగల్ రాజునకు వ్రాసిన లేఖలో గోవాకు మతవిచారణ న్యాయస్థానమును పంపుమని కోరినాడు. అది 1560లో, ఆతడు చనిపోయిన ఎనిమిదేండ్లకు, వచ్చినది. వచ్చి హిందువులను, కొత్తగా మతము పుచ్చుకొన్నవారిని, యూదులను ఎన్నివిధముల బాధించినదో చరిత్ర యెరిగినవారు చెప్పగలరు. తీరపు పల్లెలలో విగ్రహములను బాలురచేత పగులగొట్టించి, సంతోషించి లేఖలు వ్రాసినవాడును ఆతడే. కుష్ఠరోగుల గాయములను కడిగినవాడును ఆతడే. మేనమామకు ఇందేమియు తెలియదు. తెలిసియుండినచో, మనోలది కాదను ఆయన మాటకు ఇంకను బలము చేకూరియుండెడిది.

ఇచ్చట మన ధర్మశాస్త్రము ఋణముల గురించి చెప్పిన విచారము నాకు తోచినది. తండ్రి చేసిన అప్పు తీర్చుట కొడుకునకు విధి. కాని తండ్రి జూదమునకో మద్యమునకో చేసిన అవ్యావహారిక ఋణమునకు కొడుకు బాధ్యుడు కాడు. పేరు కూడ ఒక విధమైన దాయమే యైనచో, దానిని పొందినవాడు పూర్వపు నామధారుల సుకృతమును తీసికొని దుష్కృతమును త్రోసిపుచ్చవచ్చునా? నాకు తోచినంతవరకు, ఉయ్యాలలోని బిడ్డకు ఆ పేరు గోవానుండి రాలేదు. ఓడగదిలో గంజి కాచిన గిన్నెనుండి వచ్చినది. ఆ గంజి కాచినవానికి ఎవరినుండి వచ్చెనో, వానికి మరియెవరినుండి వచ్చెనో, ఆ గొలుసును పట్టుకొని వెనుకకు పోయినచో ఒకచోట ఆ లేఖ వ్రాసిన చేయియు తగులును. ఆ లంకె గొలుసులో లేదని చెప్పుట అసత్యము. గొలుసంతయు అదే యనుట మరింత అసత్యము.

నామమునకును అర్థమునకును గల ఈ తెగిన సంబంధమును మన పురాణములలో అజామిళోపాఖ్యానము చూపినంత నిర్భయముగా మరియేదియు చూపలేదు. భాగవతము షష్ఠస్కంధమున, తెలుగున ఏర్చూరి సింగన పూరించిన భాగమున, ఆ కథ యున్నది. ఆచారభ్రష్టుడైన బ్రాహ్మణుడు మరణకాలమున యమభటులను చూచి భీతుడై, దూరమున ఆటలాడుకొనుచున్న కడగొట్టు కొడుకును పేరుపెట్టి పిలిచెను. కొడుకు పేరు నారాయణుడు. వచ్చినవారు విష్ణుదూతలు. ఆ క్షణమున అజామిళుని మనస్సున నారాయణ శబ్దమునకు అర్థము పరమాత్మ కాదు, నా పసివాడు. భక్తులు ఈ కథను నామమహిమకు దృష్టాంతముగా చెప్పుదురు; అది సత్యమే. నాకు మాత్రము అందు మరియొకటి కనిపించును: ఆ పిలుపులో ధ్వనికి ప్రాణము పోసినది నిఘంటువు కాదు, బిడ్డపై మమకారము. అజామిళుడు కొడుకునకు డిత్థుడని పేరు పెట్టియుండినచో విష్ణుదూతలు వచ్చియుందురా యని నన్నడిగినచో, రారని శాస్త్రము చెప్పును. నేను నోరు మెదపను.

మన కళింగసీమలో పేర్లు పెట్టినవారికి అర్థచింత ఎన్నడును ఎక్కువగా లేదు. సింహాచలము దేవుని పేర అప్పన్న, అప్పలస్వామి. శ్రీకూర్మము పేర కూర్మయ్య, కూర్మారావు. శ్రీముఖలింగము పేర ముఖలింగము. అరసవల్లి పేర సూర్యనారాయణ. ఇవన్నియు దేవుని పేర్లు, క్షేత్రముల పేర్లు. జేవియరు వలెనే, స్థలము మనిషియైన పేర్లు. బిడ్డలు పుట్టి పుట్టి పోవుచున్న తల్లి, దక్కినబిడ్డను పెంటకుప్పపై నొకమారు పరుండబెట్టి పెంటయ్య యనెడిది. మృత్యువు కంట పడకుండుటకు పేరును మురికిచేసి దాచెడిది. అందు అర్థము మాటలో లేదు, భయములో నున్నది. పలాస యనగానే సంస్కృతాభిమానికి మోదుగుపూలు స్ఫురించును. రైలు దిగి కాశీబుగ్గవైపు నడచినవానికి కాలిన జీడిపిక్కల వాసన ముక్కునకు తగులును. యోగము ఒకటి, రూఢి యొకటి. ఉద్యానవనమే ఈ తోటల సీమకు ఉద్దానమను పేరైనదని మన పెద్దలందురు. తిత్లీ మరునాడు ఆ కూలిన తోపుల నడుమ నిలిచి ఆ వ్యుత్పత్తిని చెప్పుటకు నాకు నోరాడలేదు.

ఇంటి మాట వచ్చినది గనుక మన టెక్కలి చెంతనున్న రావివలస దేవుని తలవక విడువలేను. అచ్చటి మల్లికార్జునునకు కప్పు లేదు. మనిషిని మించిన లింగము ఆరుబయట ఎండకు ఎండి వానకు తడియుచుండును. ఒకప్పుడు గుడి కట్టగా అది నిలువలేదనియు, తనకు గాలియు ఎండయు చాలునని స్వామి కలలో చెప్పెననియు స్థలకథ. ఇంటిని వలదన్నదే ఆ దేవునకు పేరైనది: ఎండల మల్లన్న. ఒక మేరకు కొత్తయిల్లు అను పేరు మోయుచు ఇల్లులేక తిరిగినవాడును, ఇల్లు వలదని పేరు తెచ్చుకొన్నవాడును నాకు ఒకే తీరమున పొరుగువారుగా తోచుచుందురు. కార్తికమున రావివలసకు పోయినపుడెల్ల, ఆ నల్లని రాతిపై ఎండ పడి మెరయుచుండగా, ఆ గుడిసెలో చనిపోయినవాడు నాకు జ్ఞప్తికి వచ్చుచుండును. వైదికులు కోపగింతురేమో, కతోలికులును సంతోషింపకపోవచ్చును.

చాపమీది ప్రశ్నకు నేను చెప్పిన రెండు మాటలు: "కొత్తయిల్లు అనండి."

నాయనమ్మ చప్పున తలయెత్తి, "కొత్తిల్లా! తిత్లీకి లేచిపోయిన పెంకులే ఇంకా ఎక్కించనేదు" అనెను. అందరును నవ్విరి; మేనమామ కూడ, నవ్వకూడదని కొంతసేపు పట్టుదలగా నుండి, నవ్వెను. ఫిట్టరు ఉంగరమును బియ్యముపై ఆనించి, చివర ఉకారముతో, నాలుగక్షరములు వ్రాసెను. రకారమునకు కొమ్ము తగిలించుచుండగా గింజలు జారి, అక్షరము కొంత పూడిపోయెను, మరల దిద్దెను. పురోహితుడు శిశువు కుడిచెవిలో ఆ పేరు మూడుమారులు చెప్పి, పళ్లెరమెత్తి బియ్యమును తన కండువాలో వంచుకొని మూటకట్టెను.

లోపల బిడ్డ యేడ్చెను. నాయనమ్మ మోకాళ్లపై చేతులూని లేచి, కంకణపుగాజులు గలగలలాడ గడప దాటుచు, తన పెనిమిటిని ఎన్నడును పేరుపెట్టి పిలిచి యెరుగని నోటితో, "వస్తన్నాను తాతా, వస్తన్నాను" అనుచు పోయెను.